బాలమణి వీల్‌చెయిర్

మనవాళ్ల దృష్టిలో వీల్‌చెయిర్ టికెట్‌తో పాటు వచ్చే ఒక సౌకర్యం. దానికీ జబ్బుకీ సంబంధం లేదు. ఇండియా నుంచి అమ్మానాన్నల్ని రప్పించుకునే ప్రతి కొడుకూ, ప్రతి కూతురూ టికెట్ బుక్ చేసేటప్పుడు భోజనం ‘వెజ్’ అని ఒక టిక్కు, వీల్‌చెయిర్ అని ఇంకో టిక్కు పెడతారు. ఊళ్లో రోజూ పొద్దున్నే పార్కు చుట్టూ చెమటలు పట్టేలా తిరిగే పెద్దమనిషి విమానం మారే చోటికి వచ్చేసరికి కుర్చీలో బుద్ధిగా కూర్చుని ఉంటాడు. ఇంగ్లీషు రాదు, గేటు ఎక్కడో తెలియదు, ఇమిగ్రేషన్‌లో ఏమడుగుతారోనని గుండె దడ. ఎవరో ఒకరు తోసుకుపోయి బయట కొడుక్కి అప్పగిస్తే అదే పదివేలు. నేను తప్పు పట్టను. మా అత్తగారిని నేనూ అలాగే రప్పించాను. ఆవిడ బయటికి రాగానే కుర్చీలోంచి లేచి, తోసినవాడికి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టి, పెట్టె తానే లాక్కుంటూ పార్కింగ్‌కి నడిచేసింది.

అయితే ఈ అలవాటు వల్ల ఒకటి జరిగింది. నిజంగా అడుగు వేయలేని మనిషి ఆ కుర్చీలో కూర్చున్నా మనవాళ్లు చూసి కన్నుకొడతారు. మా బాలమణి విషయంలో జరిగింది ఇదే. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నా పేరు రాధారాణి. మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంటాను. మా ఆయన పోయాక ఆ ఇంట్లో ఒక్కదాన్నే. బాలమణి ఇల్లు మా ఇంటికి రెండు వీధుల అవతల. నేను మణీ అంటాను, తను రాధా అంటుంది. మా ఇద్దరి మధ్యా దాపరికాలు లేవు.

మణిది తెనాలి. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసింది. పెళ్లయి ఇక్కడికి వచ్చాక కార్ల కంపెనీలకు రంగులు సరఫరా చేసే ఒక ల్యాబ్‌లో చేరింది. కారు డోరు ఒకచోట తయారవుతుంది, బంపరు ఇంకోచోట. రెండూ ఎండలో పక్కపక్కన పెట్టినప్పుడు రంగులో తేడా కనిపించకూడదు. ఆ తేడా పట్టుకోవడం మణి పని. రోజంతా నిలబడి, రంగు వేసిన రేకు ముక్కల్ని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూడాలి. ఆమెతో చీరల షాపుకి వెళ్లడమంటే మాకు హడల్. మ్యాచింగ్ జాకెట్టు కుదిరిందిరా దేవుడా అని మేం సంబరపడుతుంటే, "పిసరంత ఎరుపు ఎక్కువైందే" అని పక్కన పడేసేది. ఆ ఉద్యోగమంటే ఆమెకి చెప్పలేనంత గర్వం.

ఒక జనవరిలో ఫ్రీవే మీద, కంటికి కనబడని మంచు పొర మీద వాళ్ల కారు జారింది. వెనకనుంచి వస్తున్న ట్రక్కు ఆగలేక కొట్టింది. కారు నడుపుతున్నది మణి భర్త అమర్‌నాథ్ గారు. ఆయనకి గీత కూడా పడలేదు. మణికి వెన్నెముక ఆపరేషన్ అయింది. బాగా జరిగిందని డాక్టర్లన్నారు, తరవాత తీసిన స్కాన్లూ అదే అన్నాయి. కానీ నడుము దగ్గరనుంచి ఎడమ మడమ దాకా నరం మంట మొదలైంది, ఇక ఆగలేదు. పొయ్యి పక్కనే కాలు చాపుకుని కూర్చున్నట్టుంటుందని చెప్పేది. కొన్నాళ్లు సెగ తక్కువ, కొన్నాళ్లు ఎక్కువ, పొయ్యి ఆరడమంటూ లేదు. కాసేపు నిలబడితే చాలు, మొహంలో రంగు మారిపోయేది. ఉద్యోగం మానేసింది. ఇదంతా జరిగి పదేళ్లు దాటింది.

చూడ్డానికి మాత్రం ఆమెకేం కాలేదు. అదే ఆమె ఖర్మ. ప్రతి శుక్రవారం మా ఐదారు కుటుంబాలు ఎవరో ఒకరింట్లో చేరి, తలొక వంటా తెచ్చుకుని తింటాం. మనవాళ్ల పార్టీల సంగతి తెలిసిందేగా, ఇంట్లో ఎన్ని సోఫాలున్నా ఆడవాళ్లందరం వంటింట్లో నిలబడే తింటాం, నిలబడే మాట్లాడుకుంటాం. మణి పులిహోర చేసి తెచ్చేది, నాలుగు మాటలు మాట్లాడి వెళ్లి ఒక మూల కూర్చునేది. "అదేంటండీ, దూరంగా కూర్చున్నారు?" అనేవాళ్లు. నొప్పిగా ఉందని చెబితే పైనుంచి కిందకి ఒకసారి చూసి, "మీకేంటండీ, అప్పటికీ ఇప్పటికీ అలాగే ఉన్నారు" అనేవాళ్లు. ఒకరు యోగా అన్నారు. ఒకరు పాలలో పసుపు అన్నారు. అదే శ్రీవల్లి మెట్ల మీద జారి చేతికి కట్టు కట్టించుకుంటే, కట్టు విప్పేదాకా అందరం వంతులేసుకుని వాళ్లింటికి క్యారేజీలు పంపాం.

అమర్‌నాథ్ గారు కార్ల కంపెనీలో బ్రేకులు డిజైన్ చేసే ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. ఇంట్లో ఆయన సేవకి వంక పెట్టలేం. వంట ఆయనే, గిన్నెలు ఆయనే, మణి అడగకముందే వేడి కాపడం సంచీ తెచ్చి నడుము కింద పెట్టేదీ ఆయనే. గుమ్మం దాటితే మాత్రం ఇంకో మనిషి. "బాలమణి గారు ఎలా ఉన్నారండీ?" అని ఎవరైనా అడిగితే "ఫస్ట్‌క్లాస్" అంటారు. ఆమె రాలేదేమంటే, "అమ్మాయితో ఫోన్‌లో ఉంది" అంటారు. నొప్పి అన్న మాట నలుగురిలో ఆయన నోట వినలేదు. ఎందుకో నాకు తెలుసు. నొప్పి అంటే ఎలా వచ్చిందని అడుగుతారు. యాక్సిడెంట్ అంటే ఎవరు డ్రైవ్ చేస్తున్నారని అడుగుతారు. మణి ఈ పదేళ్లలో ఆయన్ని ఒక్క మాట అనలేదు. అయినా ఆయన ఆ ప్రశ్న దాకా ఎవరినీ రానివ్వలేదు.

"నేనడిగేది ఒక్కటేనే రాధా," అంది మణి ఒకరోజు. "నలుగురిలో, ఒక్కసారి, ఆయన నోటితో చెప్పాలి. మా ఆవిడకి నొప్పి, నిలబడలేదు అని. ఇంకేం అక్కర్లేదు నాకు."

"నువ్వే గట్టిగా చెప్పరాదూ?"

"చెప్పానుగా. విటమిన్ బీ ట్వెల్వ్ పరీక్ష చేయించుకోమన్నారు," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

వాళ్ల పెళ్లయి నలభయ్యేళ్లయిన సందర్భంగా క్రూజ్‌కి వెళ్లమని వేరే రాష్ట్రంలో, క్యారీ అనే ఊళ్లో ఉన్న కూతురు రిషిత పట్టుబట్టింది. "అమ్మా, నువ్వు నడవక్కర్లే. షిప్పే నడుస్తది. నువ్వు జస్ట్ కూర్చో," అంది ఆ పిల్ల తన అమెరికా యాసలో. ఈ మాట శుక్రవారం పార్టీలో గోపాల్ చెవిన పడింది. ఇంకేముంది, వారం తిరిగేసరికి ఐదు కుటుంబాలు తయారు. గోపాల్‌ది కరీంనగర్, శ్రీవల్లి భర్త. మంచివాడే, కానీ ఒక్కడు పది మంది పెట్టు. అప్పుడే వాళ్లమ్మ రాజేశ్వరమ్మ గారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. ఆవిడా బయల్దేరింది. మణి బతిమాలితే నేనూ సరేనన్నాను.

మణి ఎంత సిద్ధపడిందో చూస్తే మీకు ఆశ్చర్యం వేస్తుంది. ఓడ మధ్యలో, కింది అంతస్తులో గది అయితే ఊగడం తక్కువని తెలుసుకుని అక్కడే తీసుకుంది. లిఫ్టు దగ్గరగా ఉండాలంది. స్నానాల గదిలో కూర్చోడానికి పీట, పట్టుకోడానికి కడ్డీలు ఉన్న గది అడిగి మరీ ఇప్పించుకుంది. పరుపు మీద ఇంకో మెత్తటి పరుపు వేయమంది. ఐస్ సంచీలకి చిన్న ఫ్రిజ్ ఉందో లేదో కనుక్కుంది. పెద్ద పెట్టెలు గదికి ఆలస్యంగా వస్తాయని మందులన్నీ చేతిసంచీలో సర్దుకుంది. ఫ్లోరిడాకి ఒకరోజు ముందే వెళ్లి హోటల్లో పడుకోవాలి, ఓడలో రోజుకి ఒక్క పనే పెట్టుకోవాలి, వీల్‌చెయిర్ అద్దెకి తీసుకోవాలి. ఇన్నేళ్లుగా వీల్‌చెయిర్ వద్దని మొండికేసిన మనిషి ఈసారి తానే ఫోన్ చేసి బుక్ చేసింది. "ఈసారి నేను కుర్చీలో ఉంటే అందరికీ కనబడుతుందిగా. అప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు, ఆయన చెప్పక తప్పదు," అంది. అంత పనీ ఆ ఒక్క ఆశ మీదే జరిగింది.

ఓడ ఎక్కే రోజు రేవు దగ్గర హాలు పెళ్లివారి విడిదిలా ఉంది. పాముల్లా మెలికలు తిరిగిన లైన్లు. పక్కన వీల్‌చెయిర్ వాళ్లకి ఖాళీగా ఒక దారి. అమర్‌నాథ్ గారు కుర్చీ తోస్తున్నారు, నేను పక్కన నడుస్తున్నాను. మిగతావాళ్లు అప్పుడే బస్సు దిగి లోపలికి వచ్చారు. మణిని కుర్చీలో చూసి గోపాల్ చప్పట్లు కొట్టాడు.

"వదినా! నువ్వు మామూలుదానివి కాదు వదినా! మా అమ్మకి ఫ్లైట్‌ల పెట్టిన ట్రిక్కు నువ్వు షిప్పుకే పెట్టినవ్! గీ ఐడియా నాకెందుకు రాలే?"

అందరూ గొల్లుమన్నారు. మణి వాళ్లవైపు చూడలేదు. తల వెనక్కి తిప్పి, కుర్చీ పిడులు పట్టుకుని నిలబడ్డ భర్త మొహంలోకి చూసింది. ఆమె ఎదురుచూసిన సమయం అదే. నేనూ ఆయన్నే చూస్తున్నాను. ఆయన పెదవులు ఒకసారి కదిలాయి.

"మరేమనుకున్నావోయ్! ఇంజనీరు బుర్ర ఇక్కడ! అంత లైన్లో ఎవడు నిలబడతాడు?" అన్నారు, అందరికంటే గట్టిగా నవ్వుతూ.

మణి తల ముందుకి తిప్పుకుంది. నోరు తెరవబోతుంటే నా చెయ్యి గట్టిగా నొక్కి, "వద్దులే రాధా, నా మొగుడే" అంది మెల్లగా. ఆ తరవాత ఒక్క కుర్చీ వెనక ఐదు కుటుంబాలూ పిల్లాజెల్లాతో ఖాళీ దారిలో నడిచాయి. అక్కడున్న అమ్మాయి అంతా ఒకటే కుటుంబమా అని అడిగితే, "ఫ్యామిలీ, ఫ్యామిలీ" అన్నాడు గోపాల్.

ఓడలో మొదటి రోజులు నిజంగానే సుఖంగా గడిచాయి. ఆ మాట దాచను. మణి వేసుకున్న ఏర్పాట్లన్నీ పనిచేశాయి. పరుపు బాగుంది, ఊగుడు తెలియలేదు, వేడినీళ్ల తొట్టిలో కూర్చుంటే కాలి మంట సగం తగ్గిందని చెప్పింది. పొద్దున్నే మిగతావాళ్లు లేవకముందే నేను ఆమెని కుర్చీలో డెక్ మీదకి తీసుకెళ్లేదాన్ని. కాళ్ల మీద దుప్పటి కప్పుకుని, కాఫీ పట్టుకుని సముద్రం వైపు చూస్తూ కూర్చునేది.

"ఈ నీలం కలపడం మా ల్యాబ్‌లో ఎవరి వల్లా కాదే," అంది ఒకసారి. ఉద్యోగం మానేశాక ఆమె రంగు గురించి మాట్లాడడం నేను వినడం అదే మొదలు.

కానీ ఆ ‘ట్రిక్కు’ అన్న మాట ఓడంతా మాతోనే తిరిగింది. అది అవసరం కాదు, ఎత్తు అని తేలిపోయాక ఆ కుర్చీ మీద అందరికీ హక్కు వచ్చేసింది. మణి భోజనాల బల్ల దగ్గర కూర్చోగానే ఎవరి పిల్లలో ఒకరు కుర్చీ ఎక్కి హాలు చుట్టూ తిరిగొచ్చేవాళ్లు. శ్రీవల్లి హ్యాండ్‌బ్యాగులన్నీ అందులో పడేసేది. "వదినా, నీ బండి ఒకసారి ఇయ్యవా" అని అడిగి మరీ గోపాల్ అందులో కూర్చుని ఫోటో దిగాడు. అడిగి తీసుకున్నాడు కదా, ఏమంటాం? అమర్‌నాథ్ గారు ఆ ఫోటో తానే తీశారు.

ఓడ మెక్సికో దగ్గర ఒక దీవిలో ఆగింది. ఒడ్డుకి చేరాలంటే సముద్రంలోకి కట్టిన పొడుగాటి కాంక్రీటు వంతెన మీద నడిచి వెళ్లాలి. ఆ రోజుకి మణి పెట్టుకున్న పని ఒక్కటే: కుర్చీలో ఒడ్డు దాకా వెళ్లడం, అక్కడ పాక నీడలో కొబ్బరినీళ్లు తాగడం, తిరిగి రావడం. ఓడ దిగగానే గోపాల్ ఎదురొచ్చాడు.

"వదినా, మా అమ్మకి నిన్న తిరిగి తిరిగి కాళ్లు గుంజుతున్నయంట. మేం ఊర్లోకి పోతున్నం. చెయిర్ ఇయ్యరాదే. ఎట్లాగూ ఇయ్యాల లైన్లు లేవు గదా."

అతని లెక్కలో తప్పులేదు. లైన్లు తప్పించుకోడానికి తెచ్చిన కుర్చీ, లైన్లు లేని రోజు ఎందుకు? రాజేశ్వరమ్మ గారు మాత్రం, "వద్దు బిడ్డా, ఆమె కూసున్నది గద, కూసోనీ. నేను మెల్లగ వస్త," అన్నారు.

మణి మళ్లీ భర్త వైపు చూసింది. ఈసారి ఆయన ఆమె కళ్లలోకి చూడలేదు.

"అయ్యో, పర్లేదమ్మా, మీరు కూర్చోండి. ఆవిడ నడుస్తుంది," అన్నారు.

నేను ఇక ఊరుకోలేక, "ఎలా నడుస్తుందండీ అన్నయ్యగారూ?" అనేలోపు మణి లేచి నిలబడింది. తాను కాదంటే తన మొగుడు అందరి ముందూ అబద్ధాలకోరు అవుతాడు. ఆ పని ఆమె చేయదు. రాజేశ్వరమ్మ గారి చెయ్యి పట్టుకుని తానే కూర్చోబెట్టింది కూడా. వాళ్లు కుర్చీని తోసుకుంటూ ముందుకి వెళ్లిపోయారు, వ్యాను మాట్లాడుకుని కుర్చీ మడిచి అందులో పెట్టుకుని ఊళ్లోకి వెళ్లిపోయారు.

వెనక్కి ఓడెక్కేద్దామన్నాను. మణి వినలేదు. "వచ్చాను కదే, కొబ్బరినీళ్లు తాగే వస్తాను," అంది. అది కొబ్బరినీళ్ల మీద కోరిక కాదని నాకు తెలుసు. ఆమెకి మొండితనం వచ్చేసింది. ఒడ్డు దాకా ఎలాగో నడిచింది. పాక కింద బల్ల మీద కూర్చుని కొబ్బరిబోండాం చేత్తో పట్టుకుంది కానీ సగం కూడా తాగలేదు. అమర్‌నాథ్ గారు పక్కనే కూర్చుని తన టోపీతో ఆమెకి విసురుతూనే ఉన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు ఎండ నెత్తిమీదకి వచ్చింది. వంతెన సగం దాటాక మణి ఆగింది. ఎడమ కాలు ముందుకి వేయబోయింది, అది రాలేదు. మెల్లగా ఎండకి కాలుతున్న కాంక్రీటు మీద కూలబడి, పక్కకి ఒరిగి పడుకుండిపోయింది. అరవలేదు. పెదవి కొరుక్కున్న చోట మాత్రం రక్తం చిమ్మింది. అటూ ఇటూ పోయే జనం గుమిగూడారు. అమర్‌నాథ్ గారు ఆమె మీద ఎండ పడకుండా అడ్డంగా వంగి, "లే బాలా, కొంచెం లే. అందరూ చూస్తున్నారు," అంటున్నారు. జాలి పడాలో, చెంప మీద ఒకటి ఇవ్వాలో నాకు తెలియలేదు. ఓడ మనుషులు పరుగున వచ్చి స్ట్రెచర్ మీద ఎక్కించారు. అప్పుడే ఊళ్లోంచి వస్తున్న గోపాల్ అది చూసి, చేతిలో సంచులు తల్లి ఒళ్లో పడేసి మా వెనకే పరిగెత్తుకొచ్చాడు.

ఓడలో కింద చిన్న ఆసుపత్రి ఉంది. నర్సు మణికి సూది వేసి, బీపీ చూసి, అమర్‌నాథ్ గారి వైపు తిరిగింది. నొప్పి ఎప్పటినుంచి ఉందని ఇంగ్లీషులో అడిగింది. ఆయన పక్కకి చూశారు. గుమ్మంలో గోపాల్ చెమటలు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు.

"ఈ మధ్యాహ్నం నుంచి," అన్నారు అమర్‌నాథ్ గారు.

అప్పటిదాకా కళ్లు మూసుకుని ఉన్న మణి కళ్లు తెరిచి పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయింది. నేను ఆగలేదు. పదేళ్లకి పైగా ఉందమ్మా అని నర్సుకి చెప్పాను. "అది వేరే, పాత సంగతి," అన్నారు ఆయన గబగబా. నర్సు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి మణినే అడిగింది. మణి తడుముకోకుండా మందుల పేర్లన్నీ వరసగా చెప్పింది. అవి వింటూ కూడా గోపాల్ పాపం ఓదారుస్తూనే ఉన్నాడు.

"సీ సిక్‌నెస్ అయ్యుంటది అన్నా. దిగినంక కూడా ఉంటదంట, నేను చదివిన."

"అదే, అదే అయ్యుంటుంది," అన్నారు అమర్‌నాథ్ గారు. ఆయన మొహంలో ఊరట చూసి నాకు అసహ్యం వేసింది.

సాయంత్రానికి అందరికీ తెలిసిపోయింది, బాలమణి వదినకి సముద్రం పడలేదట. ఒక్కొక్కరే గదికి వచ్చారు. ఒకరు అల్లం మురబ్బా తెచ్చారు, ఒకరు వాము, ఒకరు చెవి వెనక అంటించుకునే బిళ్లలు. ఇన్నేళ్లలో కాలి మంటకి రాని సానుభూతి, లేని వాంతులకి కుప్పలుగా వచ్చింది. మణి అన్నీ తీసుకుని, అందరికీ థాంక్స్ చెప్పి, మంచం పక్క బల్ల మీద పేర్చుకుంది. రాజేశ్వరమ్మ గారొక్కరే ఏమీ తేలేదు. మంచం అంచున కూర్చుని మణి కాలు ఒళ్లోకి తీసుకుని చాలాసేపు నిమిరారు. ఏదో అనబోతే శ్రీవల్లి, "అత్తమ్మా, పడుకోనీ ఆమెని" అని తీసుకెళ్లిపోయింది.

ఆఖరి రోజు రాత్రి భోజనాల దగ్గర పెళ్లిరోజు కేకు కట్ చేయించాలని అందరూ కలిసి ఏర్పాటు చేశారు. అమర్‌నాథ్ గారు సూటు వేసుకుని గదికి వచ్చారు. నేను మణి దగ్గర కూర్చుని ఉన్నాను.

"పది నిమిషాలు వచ్చి కూర్చో బాలా. అందరూ అడుగుతున్నారు. కుర్చీలో తీసుకెళ్తాను."

"వస్తాను," అంది మణి. "కానీ కేకు కోసే ముందు మీరు వాళ్లకి చెప్పండి. నాకు సముద్రం పడక కాదని చెప్పండి."

ఆయన మంచం అంచున కూర్చున్నారు. టై సర్దుకున్నారు. లేచి నీళ్ల గ్లాసు తీసి, తాగకుండానే మళ్లీ పెట్టేశారు.

"ఇప్పుడెందుకు బాలా? సంతోషంగా ఉన్నారు అందరూ. రేపు దిగిపోతున్నాం కదా," అన్నారు.

"సరే అయితే, మీరు వెళ్లి రండి," అంది మణి. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదని నాకు అనిపించింది. ఆయన తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోయారు. కేకు గోపాల్ చెయ్యి పట్టుకుని కోశారని తరవాత తెలిసింది. మణికి ఒక ముక్క కాగితం ప్లేటులో పెట్టి తెచ్చి, అల్లం మురబ్బా సీసా పక్కన పెట్టారు. మణి తినలేదు.

ఫార్మింగ్టన్ హిల్స్ వచ్చాక మణి శుక్రవారాలు మానేసింది. ఆయనొక్కరే వచ్చేవారు, పులిహోర తానే చేసి తెచ్చేవారు. ఆవిడ ఎలా ఉన్నారంటే "ఫస్ట్‌క్లాస్" అనేవారు. నేను వాళ్లింటికి వెళ్తే మణి అన్ని కబుర్లూ చెప్పేది, ఆ ఒక్కటి తప్ప. నలుగురిలో చెప్పాలన్న మాట మళ్లీ ఎత్తలేదు. ఆమె దాన్ని వదిలేసుకుందని నాకు అర్థమైంది. వదిలేసుకున్నాక కొంచెం సన్నబడింది కూడా.

మళ్లీ చలికాలం వచ్చేముందు ఫోన్ చేసింది.

"రాధా, ఇంకోసారి ఓడెక్కుదామే. మనిద్దరమే. ఎవరికీ చెప్పొద్దు."

"అన్నయ్యగారో?"

"ఆయన వద్దు. నాకు ఒక్కసారి హాయిగా వెళ్లాలనుంది. అక్కడెవరూ నన్నెరగరు. కుర్చీలో కూర్చుంటే కూర్చున్నానంతే, ఎవరి మొహమూ చూడక్కర్లేదు."

కాదనడానికి నాకు మనసొప్పలేదు. ఎయిర్‌పోర్టుకి అమర్‌నాథ్ గారే తీసుకెళ్లారు. దారంతా చాలా నెమ్మదిగా, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి నడిపారు. గుమ్మం దగ్గర దింపి వెళ్లిపోతారనుకున్నాను, కారు అక్కడే ఆపి పెట్టెలు పట్టుకుని లోపలికి వచ్చారు. మణిని కౌంటర్ దగ్గర బెంచీ మీద కూర్చోబెట్టి, వీల్‌చెయిర్ అడగడానికి ఆయనే లైన్లో నిలబడ్డారు. ఆయన వంతు వచ్చేలోపు కాఫీ తెస్తానని నేను వెళ్లాను.

రెండు కాఫీలు పట్టుకుని తిరిగి వచ్చేసరికి ఆయన కౌంటర్ మీదకి వంగి మాట్లాడుతున్నారు. అవతల ఉన్నది ఎవరో నల్లజాతి అమ్మాయి. కంప్యూటర్ కొట్టడం ఆపేసి ఆయన్నే చూస్తూ వింటోంది. ఆయన ఇంగ్లీషులో, ఒక్కో మాటా విడమరిచి చెబుతున్నారు. నా భార్యకి నరాల నొప్పి ఉంది, పదేళ్లు దాటింది, ఆమె నిలబడలేదు, దయచేసి ఎక్కువసేపు ఎక్కడా నిలబెట్టకండి. ఆ అమ్మాయి ఏదో అడిగినట్టుంది. కారు ప్రమాదం అన్నారు ఆయన. ఆ రోజు కారు, అని ఆగి, గొంతు సవరించుకున్నారు.

బెంచీ మీద మణి చేతిసంచీ రెండు చేతులతో గుండెలకి పట్టుకుని, ఊపిరి కూడా తీయకుండా ఆయన వైపు చూస్తోంది. అది నా కళ్లకి కనబడింది కానీ బుర్రకి ఎక్కలేదు. ఆయన మాటలు వినబడుతున్న సంతోషంలో, "మణీ, ఇదిగో కాఫీ" అనేశాను.

ఆయన వెనక్కి తిరిగి నన్ను చూశారు. నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. "వీల్‌చెయిర్ వస్తుందట," అన్నారు నాతో తెలుగులో. "నేను కారు తీయాలి, అక్కడ ఆపకూడదు." మణి భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, తలుపు వైపు గబగబా నడిచి వెళ్లిపోయారు. మణి అద్దాల్లోంచి ఆయన కారు వెళ్లిపోయేదాకా చూసి, నా చేతిలోంచి కాఫీ తీసుకుంది.

"ఇంకొంచెం సేపాగి రాకపోయావా రాధా," అంది.